రెగ్యులేటర్ మూడు మీద

రాయగడ మిషన్ బడి వెనక హాల్లో
ఒక పియానో ఉంది.
వానాకాలం ఉబ్బుతుంది, తలుపులు ఉబ్బినట్టే.
మధ్యలో ఒక తెల్ల మెట్టు నొక్కితే కిందే ఉండిపోతుంది.
వేలు పెట్టి పైకి తియ్యాలి,
అలిగి పడుకున్న పిల్లని లేపినట్టు.

ఏడున్నరకి మందుల షాపు షట్టర్ దించి
చేతులకింకా దగ్గుమందు వాసన ఉండగానే
అక్కడికి పోతాను.
నాకు నలభై రెండు. ఈ వయసులో ఇదేమిటని
మా ఆడపడుచు అడగడం మానేసింది,
అదొక మేలు.

ఉన్నది రెండు పేజీలే.
కానీ కాగితం నిండా నల్ల చీమలు,
బెల్లం వాసన తగిలిన చీమలు,
గీత మీద కొన్ని, గీత కింద కొన్ని.
నిమిషంన్నరలో అన్నీ దాటిపోవాలట.
నాకు ఏడు నిమిషాలు పడుతోంది.

నబకిశోర్ సార్‌కి చూపు తగ్గింది, చెవి తగ్గలేదు.
తాళం కొట్టే పెట్టె ఎప్పుడో చెడిపోయింది కాబట్టి
పైన ఫ్యాను చూపిస్తారు.
దాని రెక్క ఒకటి వదులు. తిరిగినప్పుడల్లా టక్.
రెగ్యులేటర్ ఒకటి మీద నెల రోజులు.
రెండు మీద శివరాత్రి పోయింది, మామిడి పూత రాలింది.
ఇప్పుడు మూడు.
అసలు వేగం అయిదు.
అయిదు మీద టక్ టక్ విడిగా వినబడదు,
గదంతా ఒకటే మోత.

"ఆఉ థరే," అంటారు సార్.
ఇంకోసారి.
పాలకొండ నుంచి కాపరానికొచ్చాక
షాపులో నేర్చిన ఒడియా వేరు:
జొరొ, కాశొ, కేతె దినొ.
ఈ రెండు మాటలూ ఈ హాల్లో వచ్చాయి.

ఎడమ చెయ్యి పదిహేడో గడిలో విరుగుతుంది.
రోజూ అక్కడే.
చిటికెన వేలు దిగాక ఉంగరపు వేలు ఒక్కటీ లేవాలి.
లేవదు. మధ్యవేలిని కూడా లాక్కొస్తుంది,
డాక్టరు గదిలోకి ఒంటరిగా వెళ్ళని రోగిలా.
"ఐదు వేళ్ళూ ఒక్కలా ఉంటాయేంటే?" అనేది మా అమ్మ.
మావయ్యల పొలం తగువులో, నా లెక్కల మార్కులప్పుడు,
అందరినీ క్షమించడానికి ఆమెకున్న ఒకే సామెత.
ఈ కాగితం ఒప్పుకోదు.
ఉండాలంటుంది.
బొటనవేలు తన బరువు దాచుకోవాలి,
చిటికెన వేలు పెద్దదవ్వాలి.
అనామిక అని,
పేరు లేనిదని, సంస్కృతం కూడా వదిలేసినదాన్ని
నేను పేరు పెట్టి పిలవాలి.
పిలుస్తున్నాను.
నాలుగు. నాలుగు. నాలుగు.

ఒకరోజు ఉంగరం తీసి పియానో మీద పెట్టాను,
తేలికవుతుందేమోనని.
వేలి చుట్టూ తెల్లటి గాడి కనబడింది, అంతే.
ఉంగరం అక్కడే మరిచిపోయాను.
పొద్దున్నే వాచ్‌మన్ సుగ్రీబొ తెచ్చిచ్చి
టీ డబ్బులు పట్టుకుపోయాడు.

మొన్న గురువారం వోల్టేజి పడిపోయింది.
ఫ్యాను మూడు మీదుండే ఒకటిలా తిరిగింది.
టక్.

టక్.

దాని వెనకే నేనూ నెమ్మదించాను,
ఎడ్లబండి వెనక నడిచే మనిషిలా.
పదిహేడో గడి వచ్చింది, పోయింది.
ప్రతి మెట్టూ ఎక్కడుందో
చీకట్లో మా ఇంటి స్విచ్చుల్లా తెలిసింది.
సార్ ఏమీ అనలేదు.
స్టేషన్లో గూడ్సు బండి ఒకటి
పెట్టె పెట్టెకీ తగిలించుకుంటూ ఆగింది.
అంతలో కరెంటు నిండుగా వచ్చేసింది,
ఫ్యాను పరిగెత్తింది, నేనూ పరిగెత్తాను,
పదిహేడులో పడ్డాను.

ఆఉ థరే.

ఇవాళ షాపుకి నాగావళి అవతల నుంచి ఒక ముసలాయన వచ్చాడు.
బీపీ మాత్రలు పదిహేను.
కుడిచేత్తో అట్ట కత్తిరిస్తూ
ఎడమచేత్తో కౌంటరు గాజు మీద ఏదో కొడుతున్నానట.
"తొందరా తల్లీ?" అన్నాడు.
లేదండీ, అన్నాను.
చూసుకుంటే నాలుగో వేలు ఒక్కటే లేచి ఉంది,
మిగతావి పడుకుని ఉన్నాయి.
చిల్లర లెక్కపెట్టేసరికి
అదీ పడుకుంది.